క్రైస్తవ విశ్వాసంలో జీవితార్థం, జీవన దిశ: వెల్గటూర్ పరిసరాలు, ఉత్తర తెలంగాణ

మనిషి ఎందుకు బతకాలి, ఎటు నడవాలి అన్న ప్రశ్నలకు క్రైస్తవ విశ్వాసం చెప్పే జవాబు, ఆ జవాబును ఉత్తర తెలంగాణ పల్లెల క్రైస్తవులు తమ బతుకులోకి తెచ్చుకున్న తీరు ఈ వ్యాస విషయం. జగిత్యాల జిల్లాలోని వెల్గటూర్ మండలం, దాని చుట్టూ ఉన్న జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతం దీనికి నేపథ్యం. ఇక్కడి జనానికి ఈ విశ్వాసం తత్త్వగ్రంథాల ద్వారా చేరలేదు. సంఘంలో దొరికిన చోటుగా, వారం వారం సాగే ఆరాధనగా, జబ్బులోనూ అప్పులోనూ నలుగురు కలిసి చేసే ప్రార్థనగా చేరింది. అందువల్ల ఈ ప్రాంతంలో జీవితార్థం అన్నది ఒంటరిగా కూర్చుని తేల్చుకునే విషయం కాలేదు. నలుగురి మధ్య నేర్చుకుని, నలుగురి ముందు చెప్పుకునే విషయమైంది.

ప్రాంతం

వెల్గటూర్ ఒకప్పటి కరీంనగర్ జిల్లాలో భాగం. 2016 అక్టోబరు 11న జగిత్యాల జిల్లా ఏర్పడినప్పుడు అందులోకి వచ్చింది. మండలంలోని కోటిలింగాల గోదావరి ఒడ్డున ఉన్న ప్రాచీన స్థలం. తొలి శాతవాహనుల నాణేలు అక్కడ దొరికాయి. చుట్టుపక్కల ధర్మపురి నరసింహస్వామి, కొండగట్టు అంజన్న, వేములవాడ రాజన్న ఆలయాలున్నాయి. పెద్దపల్లి వైపు ధూళికట్టలో బౌద్ధ స్తూపం ఉంది. ఊరూరా పోచమ్మ, మైసమ్మ గుళ్లు, పీర్ల చావిళ్లు కనిపిస్తాయి. ఇన్ని భక్తి సంప్రదాయాల నడుమ క్రైస్తవం వయసులో చిన్నది. నిజాం పాలన నాటి మిషన్లతో లెక్కిస్తే దానికి ఇక్కడ దాదాపు 140 ఏళ్ల చరిత్ర.

ఈ ప్రాంతపు ఆర్థిక జీవితం తెలియనిదే ఇక్కడి విశ్వాస జీవితం అర్థం కాదు. వ్యవసాయం, కైకిలి, ఆడవాళ్ల బీడీల పని, సిరిసిల్ల మరమగ్గాలు, గల్ఫ్ వలస ఇక్కడి ప్రధాన జీవనాధారాలు. శ్రీపాద ఎల్లంపల్లి జలాశయం కింద వెల్గటూర్ మండలంలోని కొన్ని ఊళ్లు ముంపుకు గురై, కుటుంబాలు కొత్త చోట్లకు తరలిపోయాయి. రాజకీయంగా 1978 సెప్టెంబరులో రైతుకూలీలు జరిపిన జగిత్యాల జైత్రయాత్ర, మరుసటి నెలలోనే సిరిసిల్ల, జగిత్యాల తాలూకాలను ప్రభుత్వం కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించడం ఇక్కడి తరాన్ని మలిచిన ఘటనలు. వెట్టికి, దొరతనానికి ఎదురు తిరగడమే బతుక్కి అర్థమని నమ్మినవాళ్లూ, ప్రార్థనలో ఊరట వెతుక్కున్నవాళ్లూ తరచు ఒకే వాడకు, కొన్నిసార్లు ఒకే ఇంటికి చెందినవారు. క్రైస్తవం ఇక్కడ మనుషులకు దారి చూపిన ఏకైక పిలుపు కాదు. అనేక పిలుపుల్లో ఒకటి.

సిద్ధాంత పునాది

క్రైస్తవ బోధ ప్రకారం మనిషి దేవుని స్వరూపంలో సృష్టి అయినవాడు. అతని విలువ పుట్టుక వల్లనో, ఆస్తి వల్లనో, ప్రతిభ వల్లనో వచ్చింది కాదు. పాపం అంటే దేవుని నుంచి, తోటి మనిషి నుంచి దూరం కావడం. యేసు జీవితం, సిలువ మరణం, పునరుత్థానం ఆ దూరాన్ని చెరిపాయని విశ్వాసం. మారుమనస్సు పొంది, కృపను స్వీకరించి, దేవుణ్ణి, పొరుగువాణ్ణి ప్రేమిస్తూ బతకడమే జీవిత గమ్యం. ఇందులో అర్థం మనిషి స్వయంగా కల్పించుకునేది కాదు, దేవుని నుంచి అందుకునేది. దిశ మాత్రం ప్రతిరోజూ ఎంచుకోవలసింది.

ఈ భావనను క్రైస్తవ చరిత్రలో పలువురు పలు విధాలుగా విస్తరించారు. ఉత్తర ఆఫ్రికాకు చెందిన అగస్టీన్ 4వ శతాబ్దం చివర రాసిన ఆత్మకథాత్మక గ్రంథంలో, తన అశాంతినంతటినీ దేవుని కోసం జరిగిన వెతుకులాటగా చదువుకున్నాడు. 16వ శతాబ్దంలో మార్టిన్ లూథర్ మఠంలోని సన్యాసికే కాదు, చెప్పులు కుట్టేవాడికీ ఇల్లు నడిపే ఇల్లాలికీ దేవుని పిలుపు ఉందన్నాడు. ఇంగ్లండులో జాన్ వెస్లీ 1738 మే 24న లండన్‌లోని ఒక కూటంలో తనకు కలిగిన నిశ్చయతను మలుపుగా భావించి, చిన్న బృందాలుగా వారానికోసారి కూడి ఒకరి ఆత్మీయ స్థితిని ఒకరు విచారించుకునే పద్ధతిని ప్రచారం చేశాడు. ఉత్తర తెలంగాణకు ముఖ్యంగా చేరింది ఈ వెస్లియన్ ధోరణే. ఇక్కడి ఇంటి కూటాల్లో, సాక్ష్యాల్లో దాని ఛాయ నేటికీ కనిపిస్తుంది.

మిషన్ల రాక, సంఘాల పుట్టుక

తెలుగు నేలపై ప్రొటెస్టంట్ మిషన్ల పని 1805లో విశాఖపట్నంలో లండన్ మిషనరీ సొసైటీతో మొదలైంది. 1836లో అమెరికన్ బాప్టిస్టులు, 1842లో గుంటూరులో లూథరన్లు వచ్చారు. నిజాం రాజ్యంలో ఈ పని ఆలస్యంగా జరిగింది. 1870ల చివర హనుమకొండలో బాప్టిస్టులు, హైదరాబాదు, సికింద్రాబాదుల్లో వెస్లియన్ మెథడిస్టులు స్థిరపడ్డారు. వెస్లియన్ల పని 1880లలో కరీంనగర్, సిద్దిపేట, మెదక్‌ల వైపు విస్తరించింది. మిషనరీల సంఖ్య తక్కువ. ఊళ్లల్లో అసలు పని చేసింది తెలుగు ఉపదేశులు, బైబిల్ స్త్రీలు. రాత్రిపూట లాంతరు పెట్టి అక్షరాలు నేర్పినవారు, కలరా వచ్చినప్పుడు వాడలో ఉండిపోయినవారు వాళ్లే.

1912 డిసెంబరు 29న వి.ఎస్. అజరయ్య డోర్నకల్ బిషప్‌గా అభిషిక్తుడయ్యారు. ఆంగ్లికన్ సంఘంలో ఆయనే తొలి భారతీయ బిషప్. బాప్తిస్మం పొందిన ప్రతి మనిషీ, చదువు రాని కూలీ అయినా సరే, సువార్తకు బాధ్యుడేనని ఆయన పల్లె సంఘాలకు నేర్పారు. పక్కవాడి అడుగులకు మడుగులొత్తడమే పనిగా పుట్టామని నమ్మించబడిన మనుషులకు ఇది పెద్ద మాట. మీకూ ఒక పని ఉంది, మీ మాటకూ విలువ ఉంది అని చెప్పడమది. డోర్నకల్‌లో ఆయన కట్టించిన కథెడ్రల్ 1939లో ప్రతిష్ఠ పొందింది. ఆలయ మండపం, మసీదు గుమ్మటం, చర్చి మూడింటి పోలికలూ అందులో ఉన్నాయి.

1947 సెప్టెంబరు 27న ఆంగ్లికన్, మెథడిస్ట్, సౌత్ ఇండియా యునైటెడ్ సంఘాలు కలిసి దక్షిణ ఇండియా సంఘం (సి.ఎస్.ఐ.) ఏర్పడింది. కరీంనగర్ డయోసిస్ 1978లో వేరుపడింది. రోమన్ కాథలిక్ వ్యవస్థలో కరీంనగర్ ప్రాంతం 1952లో ఏర్పడిన వరంగల్ మేత్రాసనం కిందికి వస్తుంది. ఇవి కాక బాప్టిస్ట్, పెంతెకొస్తు, బ్రదరెన్, హెబ్రోను సహవాసం, బైబిలు మిషను సంఘాలు, ఏ పెద్ద వ్యవస్థకూ చెందని స్వతంత్ర సంఘాలు ఉన్నాయి. 2011 జనగణన ప్రకారం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ జనాభాలో క్రైస్తవులు 1.34 శాతం. చర్చికి వెళ్తూ రికార్డుల్లో క్రైస్తవులుగా నమోదు కానివారు ఈ లెక్కలోకి రారు. దానికి కారణం కింద వివరించబడింది.

విశ్వాసంలోకి రావడానికి కారణాలు

తెలుగు దళితులు క్రైస్తవంలోకి ఎందుకు వచ్చారన్న ప్రశ్నకు రెండు తేలిక జవాబులు ప్రచారంలో ఉన్నాయి. తిండి కోసం, బడి కోసం వచ్చారన్నది ఒకటి. కేవలం ఆత్మ విమోచన కోసం వచ్చారన్నది రెండోది. ఆధారాలు ఈ రెండింటినీ సమర్థించవు.

ఒంగోలు ప్రాంతపు యెర్రగుంట్ల పేరయ్య జీవితం ఇందుకు ముఖ్యమైన ఉదాహరణ. తోళ్ల వ్యాపారం చేసే ఈ మాదిగ పెద్ద 1866లో బాప్తిస్మం పొందాడు. అంతకుముందే ఆయన యోగ గురువులను ఆశ్రయించి, విగ్రహాలు లేని దైవం గురించి విచారణ చేసినవాడు. ఆయన కులంవారిలో మొదలైన ఉద్యమం 1876-78 కరువు తరవాత పెల్లుబికింది. మిషనరీ జాన్ క్లౌ కరువు పనిగా బకింగ్‌హామ్ కాలువలో ఒక భాగం తవ్వకం కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి ఇప్పించాడు. గంజి కోసం మతం మారారన్న మాట రాకూడదని ఆ కాలమంతా బాప్తిస్మాలు ఆపేశాడు. సహాయం ముగిశాక 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. కరువు వాళ్లను కదిలించిన మాట నిజం. కూలి ఆగిపోయాక కూడా వచ్చారన్నదీ అంతే నిజం.

1933లో జె. వాస్కమ్ పికెట్ భారతదేశంలోని సామూహిక మతాంతరణలపై ప్రచురించిన అధ్యయనంలో తెలుగు ప్రాంతాలూ ఉన్నాయి. వేలమందిని ప్రశ్నించి, వాళ్లు చెప్పిన కారణాలను ఆధ్యాత్మికం, లౌకికం, సామాజికం, పుట్టుకతో వచ్చినవి అని నాలుగుగా విడదీశాడు. సుమారు మూడో వంతు మంది ఆధ్యాత్మిక కారణాలు చెప్పారు. మరో మూడో వంతు క్రైస్తవ ఇంట్లో పుట్టామన్నారు. సామాజిక కారణాలు చెప్పినవారు అయిదో వంతుకు పైగా ఉన్నారు. లౌకిక లాభం పేరు చెప్పినవారు అందరికంటే తక్కువ. అయితే పల్లె మనిషి జీవితంలో ఈ గీతలు ఇంత స్పష్టంగా ఉండవు. దొర ముందు చెప్పులేసుకుని నడవగలగడం సామాజిక విషయమా, ఆధ్యాత్మిక విషయమా అని అడిగితే ఆ నడిచిన మనిషి దగ్గర రెంటికీ ఒకటే జవాబు ఉంటుంది.

నిర్ణయాలు కూడా సాధారణంగా ఒంటరివి కావు. వాడ పెద్దలు కూర్చుని మాట్లాడుకుని, ఇంటింటి వారూ కలిసి బాప్తిస్మం పొందేవారు. దీని వల్ల సంఘానికి బలం వచ్చింది. కులం గీతలు యథాతథంగా చర్చిలోకి రావడానికీ ఇదే కారణమైంది.

అర్థం రూపుదిద్దుకునే మార్గాలు

సాక్ష్యం. తెలుగు పల్లె క్రైస్తవంలో జీవితార్థానికి అత్యంత స్పష్టమైన రూపం సాక్ష్యం. ఆదివారం ఆరాధనలోనో, ఇంటి కూటంలోనో ఒకరు లేచి తన బతుకును నలుగురి ముందు చెప్పడం ఇది. దానికి ఒక అల్లిక ఉంటుంది: పాత జీవితం, ఒక గండం, ప్రార్థన, విడుదల, ఇప్పటి నడక. గండం చాలావరకు అందరికీ తెలిసినదే. తాగుడు, తగ్గని జబ్బు, పిల్లలు కలగకపోవడం, అప్పు, అన్నదమ్ముల పంచాయితీ, బాణామతి భయం. మెదక్, కరీంనగర్ ప్రాంతాల్లో బాణామతి భయం ఎన్నో ప్రాణాలు తీసింది. ఎవరో తనకు చేతబడి చేశారన్న భయం నుంచి బయటపడడం ఇక్కడ మాటవరసకు చెప్పే విడుదల కాదు.

సాక్ష్యం చెప్పే మనిషి చెదిరిపోయిన ఘటనలను ఒక వరుసలో పెడతాడు. జరిగినదానికి ఒక కారణం, జరగబోయేదానికి ఒక దారి ఏర్పడతాయి. ఎన్నడూ సభలో నోరు విప్పని ఆడమనిషి తన పేరుతో, తన గొంతుతో తన కథ చెప్పడం అందులోని మరో పార్శ్వం. లోపమూ ఉంది. ఒకే అల్లికలో పదే పదే చెప్పడం వల్ల బాగుపడినవాళ్ల కథలే వినిపిస్తాయి. ప్రార్థన చేసినా జబ్బు నయం కానివారికి, కొడుకు తిరిగి రాని తల్లికి సాక్ష్యంలో చోటు తక్కువ. బైబిల్లోని యోబు గ్రంథం, విలాప కీర్తనలు అటువంటి మనిషి మాటకు చోటిచ్చినా, పల్లె ప్రసంగాల్లో అవి అరుదుగా వినిపిస్తాయి.

ప్రార్థన, దేవుని చిత్తం. పెళ్లి సంబంధం, పిల్ల చదువు, దుబాయి వీసా, బోరు వేయడం వంటి నిర్ణయాల ముందు ప్రార్థనలో కనిపెట్టడం (దేవుని జవాబు కోసం వేచి ఉండడం) ఆనవాయితీ. శుక్రవారమో, నెలకొకసారో ఉపవాస ప్రార్థన జరుగుతుంది. డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో కొత్త సంవత్సరానికి ఒక్కొక్కరూ ఒక వాగ్దాన కార్డు తీసుకుంటారు. దానిపై ఉన్న వాక్యాన్ని ఆ ఏటికి తమదిగా భావించి గోడకు అంటించుకుంటారు. ఇది జాతకం చూసుకోవడం లాంటిదని విమర్శించే బోధకులు ఉన్నారు. వాక్యం పట్టుకుని ఏడాది పొడవునా నిలకడగా నడవడానికి ఇది సాయపడుతుందని సమర్థించేవారూ ఉన్నారు.

పాట. చదువు రాని తరాలకు వేదాంతం పాటగానే అందింది. లూథరన్, బాప్టిస్ట్, సి.ఎస్.ఐ. సంఘాలు వాడే ఆంధ్ర క్రైస్తవ కీర్తనల్లో కీర్తనకు రాగం, తాళం పేర్కొని ఉంటాయి. అందులోని పేరున్న రచయితల్లో పురుషోత్తమ చౌదరి (1803-1890) ఒకరు. ఒరిస్సా సరిహద్దు బ్రాహ్మణ కుటుంబంలో పుట్టి, యాత్రల్లోనూ శాస్త్రాల్లోనూ శాంతి వెతికి, 1833లో బాప్తిస్మం పొందారు. నూటికి పైగా కీర్తనలు రాశారు. బైబిలు మిషను స్థాపకుడు ముంగమూరి దేవదాసు (మిషను స్థాపన 1938) కీర్తనలు భజన రీతికి దగ్గరగా ఉంటాయి. బక్త్ సింగ్ స్థాపించిన హెబ్రోను సహవాసంలో సీయోను గీతాలు వాడుకలో ఉన్నాయి. తెలంగాణ పల్లెల్లో డప్పు, కంజిర, తబలాతో పాడే జానపద బాణీలు కీర్తనల పుస్తకానికి సమాంతరంగా సాగాయి.

పండుగలు. మట్టల ఆదివారం, గుడ్ ఫ్రైడే, ఈస్టర్, కోత పండుగ, క్రిస్మస్ ఏడాదికి ఒక నడక ఇస్తాయి. కోత పండుగ నాడు తొలి పంటను, కోడినో గొర్రెనో, కూరగాయలనో కానుకగా తెచ్చి వేలం వేస్తారు. మెదక్ కథెడ్రల్ వద్ద క్రిస్మస్ సమయంలో అన్ని మతాలవారూ కలిసే జాతర వాతావరణం ఉంటుంది.

పిలుపు, సేవ

జీవన దిశ అన్న మాటను క్రైస్తవ బోధ సేవతో ముడిపెడుతుంది. ఉత్తర తెలంగాణలో దీనికి చెప్పుకోదగ్గ ఉదాహరణ నిజామాబాదు దగ్గరి డిచ్‌పల్లి కుష్ఠు ఆసుపత్రి. వెస్లియన్ మిషన్ డాక్టరు ఇసబెల్ కెర్, ఆమె భర్త జార్జ్ కెర్ 1915లో దీన్ని స్థాపించారు. స్థానిక దాత నర్సాగౌడ్ విరాళం దానికి ఊతమైంది. ఊరి బయటికి తరిమివేయబడిన రోగులకు ఇక్కడ చాల్మోగ్ర నూనె ఇంజెక్షన్లతో చికిత్స జరిగేది. ఉండడానికి ఇల్లు, చేయడానికి పని, చదువు ఉండేవి. హిందూ దాత సొమ్ముతో, క్రైస్తవ వైద్యురాలి చేతుల మీదుగా, నిజాం రాజ్యంలో అన్ని కులమతాల రోగులకు జరిగిన ఈ పని, అర్థం అన్నది మాటల్లో కంటే పనిలో తెలుస్తుందన్న క్రైస్తవ భావనకు ఆనవాలు.

మెదక్ కథెడ్రల్ 1914లో మొదలై 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ పొందింది. చార్లెస్ వాకర్ పోస్నెట్ నేతృత్వంలో కరువు రోజుల్లో జనానికి పని కల్పించే ఉద్దేశంతో సాగిన కట్టడం ఇది. దాని గంట గోపురం ఎత్తు 175 అడుగులు. 5,000 మంది కూర్చోగలరు. కరీంనగర్ మిషన్ ఆసుపత్రి, మిషన్ బడులు, వసతి గృహాలు ఇదే పరంపరలోనివి. వాడ నుంచి వచ్చిన మొదటి తరం టీచర్లు, నర్సులు, కాంపౌండర్లు చాలామంది ఈ వసతి గృహాల్లో చదువుకున్నవారు. వారికి ఉద్యోగం బతుకుతెరువు మాత్రమే కాదు, పిలుపు కూడా. నర్సింగును సేవగా భావించి ఎంచుకోవడం క్రైస్తవ కుటుంబాల్లో నేటికీ కొనసాగుతోంది.

స్త్రీల అనుభవం

ఆదివారం ఆరాధనలో ఆడవాళ్లే ఎక్కువ. బీడీలు చుట్టే, నాట్లేసే, మగ్గాల కండెలు చుట్టే స్త్రీలకు వారం మధ్యలో జరిగే స్త్రీల కూటం ఇల్లు, పని కాని మూడో చోటు. అక్కడ మొగుడి తాగుడు గురించి, కోడలి కాన్పు గురించి చెప్పుకుంటారు. చందాలు వేసుకుని ఆపదలో ఉన్నవారికి ఇస్తారు. బైబిల్ స్త్రీల పరంపర నుంచి నేటి పాస్టరమ్మల వరకు ఈ పనిని నడిపిస్తున్నది వీరే. సి.ఎస్.ఐ. 1970ల నుంచి స్త్రీలకు గురుత్వ అభిషేకం ఇస్తోంది. స్వతంత్ర సంఘాల్లో చాలావాటిలో మాత్రం బోధ పీఠం ఇప్పటికీ మగవారిదే. అగ్రకులాల నుంచి వచ్చిన స్త్రీల అనుభవాన్ని లూథరన్ సంఘానికి చెందిన బి.వి. సుబ్బమ్మ తన రచనల్లో చర్చించారు. విశ్వాసంలోకి వచ్చినవారు తమ ఇంటి ఆచార వ్యవహారాలకు పరాయివారు కానక్కరలేదని ఆమె వాదన.

కులం, చట్టం, గుర్తింపు

దేవుని ముందు అందరూ సమానమన్న బోధ వెంట వచ్చిన సంఘంలోనే మాల చర్చి, మాదిగ చర్చి అన్న తేడాలు నిలిచాయి. పెళ్లి సంబంధాల్లో, డయోసిస్ ఎన్నికల్లో కులం లెక్క నడుస్తూనే ఉంది. 1982లో హైదరాబాదు నుంచి వెలువడిన 'ద ట్వైస్ ఏలియనేటెడ్' అన్న పుస్తకంలో కె. విల్సన్ దళిత క్రైస్తవుడి స్థితిని రెండు వైపులా వెలిగా వర్ణించారు: హిందూ సమాజం ఒకవైపు దూరం పెట్టింది, సంఘం అతని సంస్కృతిని మరోవైపు దూరం పెట్టింది. 1980లలో రూపొందిన దళిత వేదాంతం బాధపడే దేవుడు, బాధపడే ప్రజల మధ్య సంబంధాన్ని కేంద్రంగా చేసుకుని అర్థం ప్రశ్నను తిరగరాసింది.

తెలుగు సాహిత్యంలో ఈ ఘర్షణకు పెద్ద గొంతు గుఱ్ఱం జాషువా (1895-1971). క్రైస్తవ కుటుంబంలో పుట్టి, అంటరానితనాన్ని అనుభవించి, 1941లో 'గబ్బిలం' రాసిన ఈ కవి 'క్రీస్తు చరిత్ర' కావ్యానికి 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం పొందారు. పుట్టుకతో వచ్చిన మతం ఆయనకు తుది జవాబు కాలేదు. మానవత్వాన్ని కొలిచే గీటురాయిగా మాత్రం క్రీస్తు కథను ఆయన వదలలేదు.

చట్టం ఈ విషయాన్ని మరింత చిక్కుపరిచింది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డ్ కులాల హోదాను హిందువులకు పరిమితం చేసింది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు దాన్ని వర్తింపజేశారు. క్రైస్తవులకు వర్తింపజేయలేదు. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌లలో మతం మారిన షెడ్యూల్డ్ కులాలవారు బి.సి.-సి వర్గంలోకి వస్తారు. వారి రిజర్వేషన్ 1 శాతం. ఈ అంశాన్ని పరిశీలించడానికి కేంద్రం 2022లో జస్టిస్ కె.జి. బాలకృష్ణన్ అధ్యక్షతన కమిషన్ వేసింది. వెల్గటూర్ మండలం ఉన్న ధర్మపురి శాసనసభ నియోజకవర్గం షెడ్యూల్డ్ కులాలకు కేటాయించినది కాబట్టి ఇక్కడ పోటీ చేయడానికీ ఆ హోదా కావాలి. సర్టిఫికెట్‌లో ఒక గుర్తింపు, ఆదివారం నాడు మరో గుర్తింపుతో బతికే కుటుంబాలు తెలుగు రాష్ట్రాల్లో తక్కువేమీ కాదు. విశ్వాసాన్ని బాహాటంగా ఒప్పుకోవడం బోధలో కర్తవ్యం. దానికి చెల్లించే మూల్యం పిల్లల చదువు, ఉద్యోగం. పేరు ఒకటి ఇంట్లో, ఒకటి రికార్డులో ఉండడాన్ని మోసమనడం తేలిక. రాజ్యమే వారిని ఈ ఎంపికకు నెట్టిందన్నది గుర్తుంచుకోవలసిన విషయం.

రాజ్యాంగం 25వ అధికరణం మతాన్ని ఆచరించి, ప్రచారం చేసే స్వేచ్ఛ ఇస్తుంది. ఇతరులను మతం మార్చే హక్కు ఇందులో భాగం కాదని సుప్రీంకోర్టు 1977లో స్టానిస్లాస్ కేసులో చెప్పింది. తనంతట తాను విశ్వాసాన్ని ఎంచుకునే హక్కు మాత్రం ప్రతి పౌరుడిదీ.

వలసలో విశ్వాసం

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ఊళ్లలో గల్ఫ్‌కు మనిషిని పంపని వాడ ఉండదు. ఏజెంటుకు కట్టిన అప్పు, కఫీల్ (స్పాన్సరు) చేతిలో పాస్‌పోర్టు, ఎండలో పని, ఇంటి మీద బెంగ వలస కార్మికుడి నిత్య జీవితం. దుబాయి, కువైట్, బహ్రెయిన్‌లలో అనుమతి ఉన్న చర్చి ప్రాంగణాల్లో తెలుగు సంఘాలు కూడతాయి. అక్కడ చాలాకాలం సెలవు శుక్రవారం కావడంతో ఆరాధనా ఆ రోజే సాగింది. సౌదీ అరేబియాలో ముస్లిమేతరులకు బహిరంగ ఆరాధనకు అనుమతి లేదు. క్యాంపు గదిలో ఫోన్‌లో పాట వినడమే అక్కడి ఆరాధన. ఈ సంఘాల్లో కులం కంటే జిల్లా, జిల్లా కంటే భాష పెద్ద బంధం. శవాన్ని ఇంటికి పంపడానికి, జీతం రాని మనిషికి టికెట్టు కొనడానికి చందాలు వేసేది కూడా ఈ సహవాసాలే. ఊళ్లో మొక్కుబడిగా చర్చికి వెళ్లిన యువకుడు అక్కడ విశ్వాసిగా మారి తిరిగి రావడం, వచ్చాక ఊళ్లో కొత్త ప్రార్థన మందిరానికి పూనుకోవడం ఈ ప్రాంతంలో తెలిసిన పరిణామమే.

స్వతంత్ర సంఘాలు, ప్రసారాలు

పంజాబుకు చెందిన బక్త్ సింగ్ (1903-2000) సిక్కు కుటుంబంలో పుట్టి, కెనడాలో ఇంజినీరింగ్ చదువుకుంటూ 1929లో క్రైస్తవుడయ్యారు. 1950లో హైదరాబాదులో హెబ్రోను కేంద్రాన్ని స్థాపించారు. విదేశీ ధనం, విదేశీ ఆధిపత్యం లేని సంఘ జీవితం, ప్రతి నిర్ణయానికీ ప్రార్థనలో దేవుని చిత్తం కోరడం ఆయన బోధలో ముఖ్యాంశాలు. నేల మీద చాపలు పరిచి కూర్చునే ఆరాధన, ప్రేమ విందు, వార్షిక పరిశుద్ధ సమావేశాలు తెలుగు పల్లెలకు ఆయన సంఘాల ద్వారా వ్యాపించాయి.

1978లో విడుదలైన 'కరుణామయుడు' చిత్రం పల్లెల్లో తెరలు కట్టి ఏళ్ల తరబడి ప్రదర్శించబడింది. యేసు రూపమంటే తెలుగువారి కళ్ల ముందు ఆ చిత్రంలోని విజయచందర్ మెదిలే పరిస్థితి వచ్చింది. 2000ల తరవాత ఆరాధన, శుభవార్త, రక్ష వంటి టీవీ ఛానళ్లు, ఆపైన యూట్యూబ్ ప్రసంగాలు వచ్చాయి. ఇప్పుడు పల్లె విశ్వాసి ఆదివారం తన ఊరి కాపరి మాట, వారమంతా హైదరాబాదు బోధకుల మాట వింటున్నాడు. బోధ విస్తరించింది. ఊరి సంఘంలో ఒకరినొకరు తెలిసి ఉండే కట్టు మాత్రం కొంత సడలింది.

మరణం, నిరీక్షణ

జీవితార్థానికి చివరి పరీక్ష మరణం. పునరుత్థాన నిరీక్షణ క్రైస్తవ విశ్వాసానికి ఆధారం. చాలా తెలుగు సంఘాల్లో ఈస్టర్ తెల్లవారుజామున సమాధుల తోటకు వెళ్లి, సమాధులకు సున్నం వేసి, పూలు పెట్టి, కొవ్వొత్తులు వెలిగించి పాడతారు. చనిపోయినవారి పేర్లు చెప్పుకుంటారు. అనేక ఊళ్లలో క్రైస్తవుల ఖనన స్థలం లేకపోవడం, ఉన్నది ఆక్రమణకు గురికావడం పరిష్కారం కాని సమస్యగా మిగిలింది. రైతుల, నేతన్నల ఆత్మహత్యలు చూసిన ఈ ప్రాంతంలో నిరీక్షణ గురించి బోధించడంతో పాటు అప్పు, వైద్యం, సలహా విషయంలో సంఘం చేయవలసిన పని చాలా ఉందన్న అభిప్రాయం సంఘాల లోపలే వినిపిస్తోంది.

విమర్శలు

ఈ విశ్వాస జీవితంపై వచ్చిన విమర్శలు ప్రధానంగా నాలుగు. మొదటిది వామపక్షాల నుంచి వచ్చింది: పరలోకం చూపించి ఇహలోకపు అన్యాయాన్ని ఓర్చుకునేలా చేస్తుందని. రెండోది హిందూ సంస్థల నుంచి: ఆశ చూపి మతం మారుస్తున్నారని, ఊరి పండుగల నుంచి మనుషులను విడదీస్తున్నారని. మూడోది హేతువాదులది: స్వస్థత ప్రార్థనల పేరిట రోగులను ఆసుపత్రికి దూరం చేస్తున్నారని. మంత్ర చికిత్సల ప్రకటనలను నిషేధించే చట్టం 1954 నుంచే ఉంది. నాలుగోది క్రైస్తవుల్లోంచే వచ్చింది: కానుక ఇస్తే సంపద వస్తుందన్న సమృద్ధి బోధ సిలువను మరిపిస్తోందని.

మొదటి విమర్శకు బడి, ఆసుపత్రి, దళిత వేదాంతం కొంత సమాధానం. అవి భూమి, కూలి ప్రశ్నలను తాకలేదన్నదీ వాస్తవమే. మూడో, నాలుగో విమర్శలు బలమైనవి. మిషన్ ఆసుపత్రులు కట్టిన పరంపరకు వారసులే మందు మానమని చెప్పడం ఆ పరంపరకే విరుద్ధం.

అధ్యయనాలు

పి.వై. లూక్, జాన్ బి. కార్మన్ 1959లో మెదక్ డయోసిస్‌లోని పల్లె సంఘాలను పరిశీలించి 1968లో 'విలేజ్ క్రిస్టియన్స్ అండ్ హిందూ కల్చర్' ప్రచురించారు. పల్లె క్రైస్తవులు చర్చికి వెళ్తూనే ఊరి ఆచారాల్లో కొన్నింటిని పాటించడం, విశ్వాసాన్ని ముఖ్యంగా ఆపదలో ఆదుకునే శక్తిగా చూడడం అందులో నమోదయ్యాయి. అర్ధ శతాబ్దం తరవాత కార్మన్, చిలుకూరి వసంతరావు అదే ప్రాంతానికి మళ్లీ వెళ్లి 2014లో మరో గ్రంథం వెలువరించారు. కొన్ని పాత సంఘాలు క్షీణించాయనీ, కొన్నిచోట్ల పునరుజ్జీవం, కొత్త స్వతంత్ర సంఘాల ఎదుగుదల కనిపించాయనీ, స్వస్థత ప్రార్థన ఇందులో ముఖ్య పాత్ర వహించిందనీ వారు తేల్చారు. మెదక్‌కు ఉత్తరాన ఉన్న పాత కరీంనగర్ జిల్లా సంఘాలను పోల్చి చూడడానికి ఈ రెండు పుస్తకాలు ఉపయోగపడతాయి.

నాలుగు తరాల అనుభవాన్ని బట్టి చెప్పగలిగింది ఇది: ఉత్తర తెలంగాణలో ఉపదేశి ఊళ్లో ఉండి, బడి నడిచి, సంఘం ఒకరి కష్టం ఒకరు పంచుకున్న చోట క్రైస్తవ విశ్వాసం మనుషులకు నిలకడైన దిశ ఇచ్చింది. అవి లేనిచోట అది పండుగ రోజుల గుర్తింపుగా మిగిలింది.